ఇంటిపేరు అడిగి మాత్రిచ్చే కాంపౌండరు గారు

మొన్న అమలాపురం గడియారస్తంభం దగ్గర బస్సు దిగేసరికి ఎదురుగా ఒక ఫ్లెక్సీ కనిపించింది. తెల్ల చొక్కా, జేబులో మూడు పెన్నులు, మెడలో కంప్యూటర్లో వేసిన బంతిపూల దండ. కింద ఒక పేరు. ఆ పేరుగల మనిషి ఎవరో నాకు తెలీదు. ఫొటోలో ఉన్నాయన మాత్రం నాకు బాగా తెలుసు.

పక్కనే జామకాయలమ్మే ఆవిణ్ణి అడిగాను, "ఎవరండీ ఈయన?" అని. నేననుకున్న మనిషేనా అని నా అనుమానం.

"కాంపౌండరు గారు గదండీ! పోయేరంట. ఆయనకో పేరుందని నాకూ ఇయ్యాలే తెలిసిందండీ" అందావిడ.

అమలాపురం, రాజోలు, కొత్తపేట తాలూకాల్లో ఆయనకి తెలీని ఇంటిపేరు లేదు. ఆయన పేరు మాత్రం ఆయన పోయేదాకా ఎవరికీ తెలీదు. నేనూ ఇక్కడ రాయను. రాస్తే ఇంకెవరో అనుకుంటారు.

ఆయన పనిచేసింది ఫిట్సు డాక్టరు గారి దగ్గర. డాక్టరు గారు లోపలి గదిలో కూర్చునేవారు. పెద్ద ఊళ్ళో పెద్ద చదువు చదివొచ్చిన కుర్రాయన. మనిషిని బరువు తూచి, వయసు అడిగి, చీటీ రాసేవారు. ఆ చీటీ పట్టుకుని బయటికొస్తే గుమ్మం పక్కనే కాంపౌండరు గారి బల్ల. ఆయన చీటీ వంక చూసేవారు కాదు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, మన ముఖాన్ని పాత దస్తావేజు చదివినట్టు చదివి, "ఇంటిపేరండీ?" అనేవారు.

చెబితే అక్కడితో వదిలేవారా? ఏ ఊరి వాళ్ళు, మేనత్తని ఎక్కడిచ్చారు, తాతగారు జలుబు బిళ్ళ వేసుకుంటే అదే రోజు లేచేవారా మర్నాడు లేచేవారా, అమ్మమ్మగారికి కాఫీ తాగితే నిద్ర పట్టేదా. తాటిపాక నుంచి వచ్చిన ఒకాయన ఈ ఆరాలన్నీ విని, ఇదేదో పెళ్ళి సంబంధమనుకుని, "మా అమ్మాయి ఇంకా తొమ్మిదో తరగతేనండీ" అని చీటీ మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోబోయాడు. కాంపౌండరు గారు మెట్ల దాకా పరుగెత్తి చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చారు.

"మనిషిని తూచి మందివ్వకూడదండీ, ఇంటిని తూచి ఇవ్వాలి" అనేది ఆయన సిద్ధాంతం. "ఇద్దరు మనుషులండీ. ఇద్దరూ డెబ్భై కేజీలే. మాత్ర ఒకటే. అది ఒకాయనకి ఏనుగు మీద చీమ. రెండో ఆయనకి చీమ మీద ఏనుగు. ఎందుకంటారు?"

జవాబూ ఆయనే చెప్పేవారు.

"కాలవకి లాకులు చూసేరు గదండీ? పైనించి నీళ్ళు రోజూ ఒకేలా వస్తాయి. తలుపు బాగా ఎత్తితే ఎప్పటి నీళ్ళు అప్పుడు పోతాయి. సన్నంగా ఎత్తితే పైన నిలవుండి నిలవుండి గట్టెక్కి ఊరి మీద పడతాయి. కాలేయంలో మందుకి అలాంటి లాకే ఉంటుందండీ. అది ఎంత తెరుచుకోవాలో మీరు పుట్టకముందే మీ తాతలు రాసేసేరు. మనం ఇప్పుడు తలుపు మార్చలేం. నీళ్ళు తగ్గించుకోవాలంతే. ఆయ్."

ఆ "ఆయ్" దగ్గర మాత్రని బొటనవేలి గోరుతో రెండు చేసేవారు. ఆ రెండు ముక్కలూ రెండు చీమలకి పంచినా తగువుండదు. బ్లేడు ముట్టేవారు కాదు. కుడి బొటనవేలి గోరు ఆయన పనిముట్టు. మంగలి దగ్గరికి వెళ్ళినా ఆ ఒక్క వేలూ చొక్కా జేబులో దాచుకుని మిగతా తొమ్మిదీ ఇచ్చేవారట.

కొత్తపేట వైపు ఒక ఇంటివాళ్ళకి మాత్ర నాలిక మీద పెడితే గొంతు దిగేలోపే అరిగిపోతుందని, అందుకని వాళ్ళకి ముందు నీళ్ళు తాగించి తరవాత మందిస్తానని ఆయన చెప్పగా విన్నాను. ఓడలరేవులో తమ్ముడు మందు మింగితే అన్నకి నిద్రొచ్చే ఇల్లొకటుందని మాత్రం ఆయన చెప్పలేదు, అది నేను కల్పించింది. కానీ ఆయన చెప్పినవాటి పక్కన పెడితే అంత పెద్ద అబద్ధంలా కనపడదు.

"మేనరికాలు చేసీ చేసీ నాలుగిళ్ళల్లో ఒకటే కాలేయం తిరుగుతోందండీ. ఒకళ్ళనడిగితే పదిమంది సంగతి తెలుస్తుంది. నాకదే సుఖం" అనేవారు.

తనంతట తను మందు మార్చేవారు కాదు. ఆ మర్యాద ఆయన ఎన్నడూ తప్పలేదు. చీటీ పట్టుకుని డాక్టరు గారి గుమ్మంలో నిలబడి దగ్గేవారు.

"మళ్ళీ ఏమిటండీ?" అనేవారు లోపలినుంచి డాక్టరు గారు.

"వీళ్ళ పినతండ్రికి ఈ మాత్రకే ఒళ్ళంతా దద్దుర్లొచ్చి అరిటాకులో పడుకోబెట్టేరండీ. ఇంకోటేదైనా చూస్తారేమోనని."

మొదట్లో డాక్టరు గారికి ఒళ్ళు మండేది. ఏడాది తిరిగేసరికి ఆయనే చీటీ రాసి, కలం ఎత్తి పట్టుకుని, దగ్గు వినిపిస్తుందేమోనని ఒక నిమిషం ఆగేవారు. తరవాత చాలా ఏళ్ళకి ఆయన హైదరాబాదులో ఏదో డాక్టర్ల సభకెళ్ళొచ్చి, "మీరన్నది నిజమేనండీ. ఎవరికి ఏ మందు ఎంత పడుతుందో ఇప్పుడు రక్తం తీసి జన్యువుల్లో చూసి చెప్పేస్తున్నారు" అన్నారు.

కాంపౌండరు గారు నొచ్చుకున్నారు. "సూది గుచ్చి తెలుసుకోడమెందుకండీ? నోరు తెరిచి అడగొచ్చు గదా!"

అడిగితే అందరూ నిజమే చెబుతారని మొదట్లో ఆయన నమ్మకం. ఆ నమ్మకం చెడగొట్టింది మేమే. మేమంటే నేనూ, మా అమ్మా.

నాకు ముప్పై రెండో ఏట ఫిట్సు మొదలయ్యాయి. అప్పుడు నేను రాజోలు దగ్గర మా ఊళ్ళోనే ఎలిమెంటరీ స్కూలు మేష్టర్ని. మూడో తరగతి పిల్లలకి, గోదావరిలో నన్ను మొసలి పట్టుకుంటే ఎలా గిలగిల్లాడానో చెబుతున్నాను. సరిగ్గా ఆ గిలగిల దగ్గరే పడిపోయాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. "ఇంకోసారండీ మేస్టారూ!" అని కూడా అరిచారట.

తెలివొచ్చి చూసేసరికి నా గుప్పెట్లో తాళాలు. స్కూలు బీరువావి, పంచాయతీ ఆఫీసువి, రేషన్ డిపోవి, ఎవరిదో ట్రాక్టరుది. ఫిట్సొచ్చినవాడి చేతిలో ఇనుము పెట్టాలని ఊరు ఊరంతా పరుగెత్తుకొచ్చింది. నా పిడికిలి విడిపోయేదాకా మా ఊళ్ళో ఒక్క తలుపు తెరుచుకోలేదు.

రెండోసారి సైకిలు మీద వెళ్తూ కాలవలో పడ్డాను. నీళ్ళు మోకాళ్ళ లోతే కాబట్టి ఇది రాస్తున్నాను. మూడోసారి దాకా ఆగకుండా మా అమ్మ నన్ను అమలాపురం బస్సెక్కించింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా అమ్మ నన్ను కనలేదు. ఆవిడ చెల్లెలు కన్నది. నాకు మూడో నెల నిండాక లంకలోంచి పడవలో తెచ్చి, పిల్లల్లేని అమ్మ ఒళ్ళో పెట్టారు. నన్ను కన్నాయన్ని నేను బాబాయి అంటాను, కన్నావిణ్ణి పిన్ని అంటాను. ఈ సంగతి నాకు పదేళ్ళప్పుడు తెలిసింది. నాకు తెలుసని మా అమ్మకి తెలీదు, లేదా తెలీనట్టు ఉండేది. ఆ మాట మా ఇంటి గడప లోపల ఎవరూ అనకూడదు. పక్కింటావిడ ఒకసారి నోరుజారి "పెంచిన ప్రేమ" అన్నందుకు మా అమ్మ పదకొండేళ్ళు వాళ్ళ గుమ్మం తొక్కలేదు. వాళ్ళ చెట్టు కరివేపాకు మా గోడ మీదికి వాలితే, వాలినంత మేరా కోసి వాళ్ళ దొడ్లోకే విసిరేది.

అలాంటి అమ్మ పక్కన కూర్చునుండగా కాంపౌండరు గారు నన్ను, "ఇంటిపేరండీ?" అనడిగారు.

నేను నోరు తెరిచేలోపే మా అమ్మ చెప్పేసింది.

కాంపౌండరు గారి ముఖం వెలిగిపోయింది. "వాళ్ళా! అది రాళ్ళరిగే వంశం గదండీ! వీరి తాతగారు పనసకాయ ఒక్కరే..."

"ఒక్కరే తినేసి పొలానికెళ్ళేవారండీ. మా మావగారు" అంది అమ్మ.

"వీరి పెదనాన్నగారికి ఇదే జబ్బు. నాలుగు మాత్రలేసినా చీమ కుట్టినట్టుండేది కాదండీ."

"మా పెద్ద బావగారండీ. ఆయ్. వీడు అచ్చం ఆయన పోలికే" అంది అమ్మ రెప్ప వెయ్యకుండా.

డాక్టరు గారు నా బరువుకి తగ్గట్టు రోజుకి మూడు మాత్రలు రాశారు. కాంపౌండరు గారు దగ్గలేదు. పైగా ఇన్నేనా అన్నట్టు చూశారు. "గట్టిగా వేసుకోండి మేస్టారండీ. మీ ఇంట్లోవాళ్ళకి ఇవి పిప్పరమెంట్లు."

నిజం నా నాలిక చివరనే ఉంది. పక్కన మా అమ్మ ఉంది. నిజాన్ని మింగేశాను. దాని మీద మాత్ర మింగాను.

మూడు వారాలయ్యేసరికి ఫిట్సు పూర్తిగా పోయాయి. కాళ్ళు కూడా పోయాయి. అంటే ఉన్నాయి, కానీ ఒకటి తూర్పుకెళ్తానంటే రెండోది పడమరకెళ్తానంటుంది. హెడ్మాస్టరు ఇద్దరై కనిపించేవారు. ఒక్కరితోనే వేగలేని నాకు అదో శిక్ష. నాలిక బరువెక్కి, 'అ'లు దిద్దించబోతే పిల్లలు నావైపు జాలిగా చూసేవారు.

ఇది ఇంకో కాలంలో అయితే బతికిపోదును. అవి మద్యనిషేధం రోజులు. జిల్లా మొత్తం మీద చుక్క దొరకడం గగనం. అలాంటప్పుడు ఒక మనిషి పట్టపగలు తూలుతూ బడికెళ్తుంటే జనానికి ముందు కోపం రాదు, ఆశ పుడుతుంది.

"ఎక్కడ దొరుకుతోందండీ మేస్టారూ?" అని చాలా మర్యాదగా, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని అడిగేవారు. నేను "మాత్రలండీ" అంటే, "ఓహో, మాత్రల్లో కూడా వస్తోందా!" అని ఆశ్చర్యపోయేవారు. చమురు కోసం తవ్వేవాళ్ళకి దొరకని ఊటేదో మేస్టారికి పెరట్లో తగిలిందని ఒక పుకారు. యానాం నుంచి కొబ్బరిబోండాల్లో పోయించి తెస్తున్నానని ఇంకోటి. నేను బోండం కొట్టించుకుంటే చుట్టూ నలుగురు చేరి వాసన చూసేవారు. ఒక ఎక్సైజు కానిస్టేబులు నాలుగు రోజులు నా వెనకాలే తిరిగాడు. కాలవ మీద తాటిదుంగ దాటేటప్పుడు నేను పడిపోతే ఆచూకీ పోతుందని తనే చెయ్యి పట్టుకుని దాటించేవాడు. అయిదో రోజు నా సంచీ కూడా అతనే మోశాడు.

నేను తాగలేదని ఒట్టేసి చెప్పేవాణ్ణి. మొసలి నోట్లోంచి బయటపడ్డానని కూడా అలాగే ఒట్టేసి చెప్పి ఉన్నాను కాబట్టి ఎవరూ నమ్మలేదు.

అసలు చిక్కు ఇంకోటుంది. మా ఊరి ఆడవాళ్ళ మద్యనిషేధ కమిటీకి ప్రెసిడెంటు మా ఆవిడ. తాగి దొరికినవాడికి కొబ్బరి చిప్పల దండ వేసి, లాకుల దగ్గరనుంచి రేషన్ డిపో దాకా డబ్బాలు వాయిస్తూ నడిపించాలన్న రూలు ఆవిడ పెట్టిందే. చిప్పలు ఒకదాన్నొకటి కొట్టుకుంటుంటే ఆ చప్పుడు అవతలి ఊరికి వినపడేది. అప్పటికి నలుగురికి ఆ దండ పడింది. ఆ నలుగురూ ఒక శుక్రవారం సాయంత్రం తలలు దువ్వుకుని, తెల్లబట్టలు కట్టుకుని మా ఇంటికొచ్చారు. ముందున్నవాడు తాపీమేస్త్రి. అందరికంటే ఎక్కువసార్లు దండ వేయించుకున్నది అతనే.

"ప్రెసిడెంటు గారండీ, మేం గొడవకి రాలేదండీ" అన్నాడు. "న్యాయం అందరికీ ఒకటేనా, లేకపోతే మేస్టార్లకి వేరే ఉందా అని తెలుసుకుందామనండీ."

"ఆయనవి మందుల వల్లండీ" అంది మా ఆవిడ.

"మావీ మందు వల్లేనండీ" అన్నాడు మేస్త్రి వినయంగా.

"ఆదివారం పొద్దున్న లాకుల దగ్గరికి రండి. అక్కడ తేలుస్తాను" అంది మా ఆవిడ.

ఆవిడకి తెలీని సంగతి, అప్పటికి రెండు రోజులుగా నేను మాత్రలు మింగడం లేదు. మందార కుండీలో పాతిపెడుతున్నాను. ఊరి ముందు తిన్నగా నడిస్తే చాలు, పెళ్ళాం పరువు నిలబెట్టినవాణ్ణవుతానని నా ఎత్తు. శనివారం తెల్లారగానే నూతి దగ్గర పడ్డాను. ఈసారి ఫిట్సు ఇదివరకటికంటే గట్టిగా వచ్చాయట. గట్టు రాయి తలకి జానెడు దూరంలో ఉందిట.

నేను కళ్ళు తెరిచేసరికి మా ఆవిడ చేతిలో మట్టి అంటిన మాత్రలున్నాయి.

"వేసుకుంటే తూలతారు, మానేస్తే చస్తారు. అంతేనా?" అంది.

"అంతేలా ఉంది."

"అయితే వేసుకోండి. దండ నేనే వేస్తాను." కొంగుతో కళ్ళు తుడుచుకుని, అదే కొంగు నడుముకి దోపి, మొదటి బస్సుకి అమలాపురం వెళ్ళిపోయింది.

అక్కడ డాక్టరు గారు ఊళ్ళో లేరు, సోమవారం గానీ రారు. కాంపౌండరు గారి బల్ల మీద మా ఆవిడ చెయ్యి వేసి గట్టిగా ఒక్కటి కొట్టిందట. "మీ ఇంటిపేరు లెక్క మా ఆయన్ని తాగుబోతుని చేసిందండీ!" ఆ దెబ్బకి ఆయన జేబులో మూడు పెన్నులూ కింద పడ్డాయని మా ఆవిడ చెప్పింది. మా ఇంట్లో అతిశయోక్తులు నా ఒక్కడివే కావు.

"రాళ్ళరిగే ఇల్లమ్మా అది. అలా జరగదు" అన్నారాయన.

"వచ్చి చూడండి మరి."

ఆదివారం పొద్దున్న లాకుల దగ్గర ఊరంతా ఉంది. కొబ్బరి చిప్పల దండ ఒక గూటానికి వేలాడుతోంది. ఆ నలుగురూ ముందు వరసలో కూర్చున్నారు. మా అమ్మ వెనకాల, సిమెంటు దిమ్మ మీద. అప్పుడు సైకిలు మీద దిగారు కాంపౌండరు గారు. రాజోలు దాకా బస్సులో వచ్చి, అక్కడ సైకిలు అద్దెకి తీసుకున్నారట. క్లిప్పులు పెట్టిన పాంటు, చెమట.

ముందు నా నోటి దగ్గర ముక్కు పెట్టి వాసన చూశారు. "ఆవకాయ" అన్నారు.

"సారాలోకి నంజుకుని ఉంటారండీ" అన్నాడు తాపీమేస్త్రి.

చూపుడువేలు నా కళ్ళ ముందు అటూ ఇటూ తిప్పారు. నా కళ్ళు ఆయన వేలితో పాటు వెళ్ళి, అక్కడ నిలబడలేక గిలగిల్లాడాయి. "చూసేరా? ఇది సారా కాదండీ. మందు ఒంట్లో నిలవుండిపోయింది" అన్నారు జనంతో. తరవాత గట్టు మీద నడవమన్నారు. నడిచాను. మళ్ళీ నడవమన్నారు. మళ్ళీ నడిచాను.

ఆయన కళ్ళజోడు నుదుటి మీదినుంచి దింపి పెట్టుకున్నారు.

"ఎడం కాలు ఇలా బయటికి విసరడం..." అని తనలో తను అనుకున్నట్టు అన్నారు. "ఇది నేను చూసేనండీ. ఫలానా లంకలో ఒకాయన. మూడేళ్ళ కిందట. రెండు మాత్రలకే అచ్చం ఇలాగే..." అని ఆ లంక పేరు చెప్పారు. అది మా బాబాయిది. ఆ ఒకాయన మా బాబాయి సొంత అన్నగారు.

అంటూ అంటూ కాంపౌండరు గారు మా అమ్మ వైపు చూశారు. అమ్మ కొంగు చివర పిడికిట్లో బిగించి నేలని చూస్తోంది. నేనూ నేలనే చూస్తున్నాను. ఇన్నేళ్ళు వేలమంది ముఖాలు చదివిన మనిషి, మా ఇద్దరి తలలు చదవడానికి ఆయనకెంతసేపు?

ఆయన చూపు కాలవ మీదికి మళ్ళించుకున్నారు. తరవాత, జన్మలో ఎన్నడూ అనని మాట అన్నారు.

"నా లెక్కే తప్పండీ. ఇంటిపేరుకీ మందుకీ ఏం సంబంధం లేదు. నేనే పొరపాటు పడ్డాను. మాత్రలు తగ్గించేలా డాక్టరు గారికి చెబుతాను."

తాపీమేస్త్రి లేచాడు. "అయ్యా, నిన్న మీ లెక్క ఒప్పు, ఇవాళ తప్పు. అలాంటప్పుడు ఈయన తాగలేదన్న మీ మాట మాత్రం ఒప్పని ఎలా నమ్మడమండీ?"

న్యాయమైన మాటే. జనం గొణిగారు. కాంపౌండరు గారు మూడు పెన్నులూ సర్దుకున్నారు. ఆయన దగ్గర జవాబుంది. అది ఆయనది కాదు, అందుకని చెప్పలేదు. మా ఆవిడ గూటం దగ్గరికి నడిచి దండ చేతిలోకి తీసుకుంది. చిప్పలు గలగలమన్నాయి.

"ఆగమ్మా" అంది మా అమ్మ.

లేచి నిలబడింది. కొంగు ఇంకా పిడికిట్లోనే ఉంది.

"ఆయన లెక్క తప్పలేదు. నేను చెప్పిన పేరు తప్పు. వీడు నా చెల్లెలి కొడుకు. మా మావగారి రక్తం కాదు, మా బావగారి పోలికా కాదు. ఆ రోజు మీరడిగితే అబద్ధం చెప్పేనండీ. వీణ్ణి కన్నది నేను కాదు."

మా ఊళ్ళో సగం మందికి తెలిసిన సంగతే. కానీ ఆవిడ నోటంట రావడం ఎవరూ ఎరగరు. పదకొండేళ్ళు అమ్మ ఎవరి గుమ్మం తొక్కలేదో ఆ పక్కింటావిడ ముక్కు చీదింది.

కాంపౌండరు గారు ఒక్క అడుగు ముందుకేసి, చేతులు కట్టుకుని, చాలా నెమ్మదిగా అడిగారు. "మరిది గారి ఇంటిపేరండీ?"

అమ్మ చెప్పింది.

"వాళ్ళా!" పాపం, ఆపుకోలేకపోయారు. ముఖం దీపంలా అయింది. "అమ్మగారండీ, వాళ్ళకి సగం చాలండీ! ఆ ఇంటి లాకు చాలా సన్నం! మూడేసి మాత్రలు పోస్తే గట్టు తెగదూ మరి!"

మా ఆవిడ దండ తీసుకెళ్ళి మళ్ళీ గూటానికి తగిలించింది. తాపీమేస్త్రి నా దగ్గరికొచ్చి, "క్షమించండి మేస్టారూ" అని, చెవి దగ్గరికి వంగి, "నాక్కూడా లాకు సన్నమేమో, ఒకసారి చూడమని చెబుతారేంటండీ?" అన్నాడు.

సోమవారం డాక్టరు గారు నన్ను చూసి, మాత్రలు మానేసినందుకు మా ఆవిడ తిట్టినదానికి రెట్టింపు తిట్టి, రక్తం తీసి విశాఖపట్నం పంపించారు. ఉండాల్సినదానికి రెట్టింపు మందు ఉందని కాగితమొచ్చింది. ఆయనే మోతాదు తగ్గించారు. నెల తిరక్కుండా నేను తాటిదుంగ మీద ఒంటరిగా నడిచాను. ఫిట్సు మళ్ళీ రాలేదు. ఎక్సైజు కానిస్టేబులు మాత్రం ఆఖరుసారి కలిసినప్పుడు, "నాకైనా చెప్పాల్సిందండీ" అని నిష్ఠూరంగా అన్నాడు.

కాంపౌండరు గారు అప్పటినుంచి పద్ధతి మార్చారు. ఇంటిపేరు అడగడం, రాసుకోవడం మామూలే. ఆ తరవాత తోడొచ్చిన పెద్దవాళ్ళని, "అమ్మగారండీ, ఉక్కగా ఉంది, కాస్త బయట సోడా తాగి రండి" అని పంపించేసి, గొంతు తగ్గించి, "ఇప్పుడు అసలుది చెప్పండి" అనేవారు. ఆ రెండో ప్రశ్నకి ఎన్ని దత్తతలు, ఎన్ని ఇల్లరికాలు, ఇంకా ఎన్నెన్ని బయటపడ్డాయో ఆయన ఎవరికీ చెప్పలేదు. బయట సోడాకొట్టువాడు మాత్రం డాబా వేశాడు.

మూడో నెలలో నన్ను చూపించడానికి మా అమ్మే వచ్చింది. కాంపౌండరు గారు ఇంటిపేర్లు రాసుకునే పుస్తకం తీశారు. అమ్మని చూసి ఇబ్బందిగా కదిలారు. అలవాటు కొద్దీ అనేశారు, "అమ్మగారండీ, ఉక్కగా ఉంది, కాస్త బయట..."

"నాకేం ఉక్కగా లేదండీ" అంది అమ్మ. కుర్చీ ఇంకొంచెం బల్ల దగ్గరికి జరుపుకుంది. "ముందు రాసుకున్న ఇంటిపేరు కొట్టేసేరా?"

"లేదండీ. కొట్టెయ్యడానికి చెయ్యి రాలేదు."

"కొట్టెయ్యకండి. దాని కింద మా మరిది గారిది కూడా రాయండి." ఆయన రాసేదాకా చూసింది. సిరా ఆరేదాకా చూసింది. తరవాత ముందు కింది పేరు మీద, ఆ పైన పై పేరు మీద వేలు పెట్టి చూపిస్తూ చెప్పింది.

"మాత్రకి ఇది. మనిషికి ఇది."